'మా ఊళ్లో సెలయేరు లేదు': పిల్లలకు రాయడం నేర్పాలనుకుంటున్న ఒక టీచరుకు జవాబు

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఎనిమిదో తరగతిలో 46 మంది పిల్లలు. ఏదైనా అడిగితే నోటితో చక్కగా చెబుతారు. రాయమంటే మాత్రం గైడు చూసి దించేస్తారు. మొన్న 'మా ఊరు' అని వ్యాసం ఇచ్చాను. సగానికి పైగా నోటుబుక్కుల్లో 'మా ఊరి చుట్టూ పచ్చని పొలాలు, గలగల పారే సెలయేళ్లు' అని ఉంది. మా ఊళ్లో సెలయేరు లేదు. వీళ్లు సొంతంగా రాయాలంటే తరగతిలో ఏం చేయించాలి? ఏ పుస్తకాలు వాడాలి? ఇన్ని నోటుబుక్కులు ఎలా దిద్దాలి? ఇంటి భాష, ఇంగ్లీషు మాటలు రాస్తే తప్పనాలా? వీటితో కూర్చుంటే సిలబస్ పూర్తి కాదేమోనని టెన్షన్ కూడా ఉంది.

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో 'నోటితో చక్కగా చెబుతారు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంటే పిల్లల దగ్గర భాష ఉంది, చెప్పడానికి సంగతులూ ఉన్నాయి. అవి కాగితం మీదికి రావడం లేదు, అంతే. ఎందుకు రావాలి చెప్పండి? మీరు 'మా ఊరు' అని అడిగారు. ఆ ఊరు మీరు రోజూ చూస్తున్నదే. మీకు తెలియని సంగతి తెలుసుకోవడానికి అడగలేదనీ, మార్కులు వేయడానికే అడిగారనీ పిల్లలకు తెలుసు. మార్కులు పడే మాటలు గైడులో ఉన్నాయి కాబట్టి అక్కడి సెలయేరును తెచ్చి మీ ముందు పెట్టారు. వాళ్లను తప్పు పట్టకండి. తెలుగు చెప్పిన ముప్పై ఒక్క ఏళ్లలో మొదటి పదేళ్లు నేను కూడా 'వర్షాకాలం', 'ఆవు', 'నా ప్రాణస్నేహితుడు' అనే విషయాలే ఇచ్చాను. నాకూ అలాంటి సెలయేళ్లే వచ్చాయి.

అందుకని మొదట విషయం మార్చండి. పిల్లవాడికి తెలిసి, మీకు తెలియనిది అడగండి. మీ తరగతిలో మేకలు కాసేవాళ్లు ఉంటారు, సెలవుల్లో పత్తి ఏరడానికి పోయేవాళ్లు ఉంటారు. అమ్మానాన్నలు వలస పోతే నాయనమ్మ దగ్గర ఉండి చదివే పిల్లలూ ఉంటారు. మేకకు జ్వరం వచ్చిందని ఎలా తెలుస్తుంది? బోరు నీళ్లు పోయకపోతే మీ నాయన మొదట ఏం చూస్తాడు? జొన్నరొట్టె విరగకుండా ఎలా చేస్తారు? ఇలా అడగండి. నిజంగా తెలుసుకోవాలని అడగండి. పిల్లలు ఆ తేడా వెంటనే పసిగడతారు.

తొమ్మిదో తరగతిలో నా దగ్గర ఒక కల్లుగీత కార్మికుని కొడుకు ఉండేవాడు. మూడు వాక్యాలు దాటి రాసేవాడు కాదు. 'తాటిచెట్టు ఎక్కడం ఎట్లనో నాకు రాసి చెప్పు, నాకు తెలియదు' అన్నాను. పేజీన్నర రాశాడు. మోకు ఎంత బిగించాలో, కాలు ఎక్కడ ఆనించాలో, కిందికి ఎప్పుడు చూడకూడదో అన్నీ ఉన్నాయి. తరగతిలో చదివించాను. ఒక అమ్మాయి 'వాన పడితే ఎక్కుతరా?' అని అడిగింది. ఇంకొకడు 'పట్ట తడిగ ఉంటే కాలు జారదా?' అన్నాడు. తాటిచెట్టు గురించి రాసినవాడు ఆ రెండింటికీ జవాబులు రాసి మరునాడు తెచ్చాడు. 'ఇంకా వివరంగా రాయి' అని నేను ఎన్నోసార్లు చెప్పినా జరగని పని, తోటిపిల్లలు రెండు ప్రశ్నలు వేస్తే జరిగింది. అప్పటినుంచి నా క్లాసులో ఎవరు చదివినా, విన్నవాళ్లు 'బాగుంది' అనకూడదు. ఒక ప్రశ్న అడగాలి. రాసినవాళ్లు ఆ ప్రశ్నను పేజీ పక్కన రాసుకుని, జవాబు ఎక్కడ ఇమడాలో చూసుకోవాలి. మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్క అలవాటు పెట్టండి.

రాసింది అవతలివాళ్లకు అర్థమవుతుందా లేదా అని తెలియడానికి కాగితం పడవ ఆట మంచిది. పడవ చేసే విధానం ప్రతివాళ్లూ రాయాలి. కాగితాలు మార్చుకోవాలి. చేతికొచ్చిన కాగితంలో రాసి ఉన్నది మాత్రమే చేయాలి, తనకు తెలిసింది కలపకూడదు. 'కాగితం మడవాలి' అని ఉంటే నిలువుగా మడవాలా, అడ్డంగా మడవాలా? పడవ రాదు. తరగతి అంతా నవ్వుతుంది. నవ్వి, మళ్లీ రాస్తుంది. స్పష్టత అంటే ఏమిటో మీరు వేరే చెప్పనక్కర లేదు.

ఒక వారం 'అందమైన', 'మంచి', 'చాలా' అనే మూడు మాటలకు సెలవివ్వండి. బల్ల మీద ఒక తుప్పు పట్టిన తాళమో, పచ్చి చింతకాయో, ఎవరి చెప్పో పెట్టి, ఈ మూడు మాటలు లేకుండా ఐదు వాక్యాలు రాయమనండి. మొదటి రెండు వాక్యాలు మామూలుగా ఉంటాయి. మూడో వాక్యం దగ్గర పిల్లలు లేచి వచ్చి వస్తువును దగ్గరగా చూస్తారు. మడమ దగ్గర అరిగిన వైపు, కుట్టు వేయించిన దారం రంగు అప్పుడు కాగితం మీదికి వస్తాయి.

ఇక పెద్ద వ్యాసం సంగతి. దీనికి నాకు తెలిసిన అన్నింటికంటే మంచి పద్ధతి ఇటలీ నుంచి వచ్చింది. ఫ్లోరెన్స్ నగరానికి దగ్గర్లో, కొండల మీద బార్బియానా అనే చిన్న ఊరుంది. లొరెంజో మిలానీ అనే క్రైస్తవ మతగురువు అక్కడ పేద రైతుల పిల్లలకు బడి నడిపాడు. మామూలు బడిలో తప్పి బయటికొచ్చిన పిల్లలు కూడా అక్కడ ఉండేవాళ్లు. వాళ్లలో ఎనిమిది మంది కలిసి, పేద పిల్లలను ఫెయిల్ చేసి పంపేసే టీచరును ఉద్దేశించి ఒక ఉత్తరం రాశారు. అది 1967లో పుస్తకంగా వచ్చి ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాన్ని ఎలా రాశారో కూడా పిల్లలు అందులోనే చెప్పారు. ప్రతివాడి జేబులో ఒక చిన్న పుస్తకం. ఆలోచన వచ్చినప్పుడల్లా రాసుకోవడం. ఒక్కో ఆలోచన ఒక్కో చీటీ మీద, ఒకవైపే. తర్వాత చీటీలన్నీ పెద్ద బల్ల మీద పరిచి, రెండుసార్లు వచ్చినవి తీసేసి, ఒకదానికొకటి చుట్టమైనవి ఒక కుప్పగా పెట్టి, కుప్పలను వరుసలో పెట్టుకోవడం. ఆ వరుసలో రాసి, అక్కర్లేని మాటలు కొట్టేయడం. చివరికి పెద్దగా చదువుకోనివాళ్లను పిలిచి వాళ్లకు అర్థమైందో లేదో చూడటం.

నేను దీన్ని ఎనిమిదో తరగతిలో 'మన ఊరి సంత' మీద చేయించాను. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి చీటీలు చేశాం. ఒక్కొక్కరికి మూడు. సంతకు పోయి వచ్చాక రాయాలి, పోకముందు కాదు. మీ 46 మందితో చేస్తే 138 చీటీలు వస్తాయి. నేల మీద పరవండి, బల్ల చాలదు. 'కూరగాయలు అమ్ముతారు' అని ముప్పై చీటీలు ఉంటాయి. వాటిలో ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టమనండి. అప్పుడు పిల్లలకు తెలుస్తుంది, అందరూ రాసింది విలువ తక్కువదని. 'ఎండుచేపల అంగడి దగ్గర కుక్కలు వరుసగ కూసుంటయ్' అని ఒక్కడే రాసి ఉంటాడు. ఆ చీటీని ఎవరూ తీసేయనివ్వరు. కుప్పలకు పేర్లు పెట్టించండి. పేరు కుదరని కుప్ప ఉంటే అందులో రెండు సంగతులు కలిసిపోయాయని అర్థం, విడదీయాలి. పేరాగ్రాఫ్ అంటే ఏమిటో నేను ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పి అర్థం చేయించలేకపోయాను. నేల మీద కుప్పలు చూసి అరగంటలో అర్థం చేసుకున్నారు.

ఇదంతా మూడు పీరియడ్లు పట్టింది. చివర్లో సంతలో ఆకుకూరలు అమ్మే ఒక అవ్వను బడికి పిలిచి చదివి వినిపించాం. అంతా విని, 'గిదంత నిజమే గని బిడ్డా, తైబజారు సంగతి రాయలే?' అంది. సంతలో కూర్చున్నందుకు ప్రతివారం ఆమె కట్టే డబ్బు గురించి మా చీటీల్లో ఒక్కటీ లేదు. పిల్లలు ఆమె చుట్టూ కూర్చుని అడిగి, ఇంకో పేరా రాశారు.

వాక్యం నేర్పడానికి మీ వ్యాకరణ పాఠాలనే వాడుకోండి. మన పాఠ్యపుస్తకాల్లో క్త్వార్థకం (వచ్చి), శత్రర్థకం (వస్తూ), చేదర్థకం (వస్తే), అప్యర్థకం (వచ్చినా) ఉన్నాయి కదా. పిల్లలు వాటిని గీత గీసి గుర్తించే లెక్కల్లా చేసి వదిలేస్తారు. నిజానికి తెలుగు వాక్యం నడిచేదే వాటి మీద. బోర్డు మీద ఇలా రాయండి: 'బస్సు వచ్చింది. నేను ఎక్కాను. సీటు లేదు. నిలబడ్డాను.' దీన్ని రెండు వాక్యాల్లో చెప్పమనండి. ఎవరో ఒకరు 'బస్సు వచ్చి నేను ఎక్కాను' అంటారు. చెవికి ఎందుకు బాగాలేదో వాళ్లనే అడగండి. వచ్చింది బస్సు, ఎక్కింది నేను. 'వచ్చి', 'తిని', 'చూసి' అన్నప్పుడు మామూలుగా రెండు పనులూ చేసేవాళ్లు ఒక్కరే ఉండాలి. అప్పుడు 'బస్సు రాగానే ఎక్కాను, సీటు లేక నిలబడ్డాను' అని వాళ్లే తెస్తారు. తర్వాత 'బస్సు వస్తే', 'బస్సు వచ్చినా', 'బస్సు వస్తూ' అని మూడు మొదళ్లు ఇచ్చి పూర్తి చేయించండి. అర్థం ఎలా మారిపోతుందో చూసి పిల్లలు ఆనందిస్తారు. వారానికి పది నిమిషాలు చాలు. అప్పుడప్పుడు తిరగేసి, ఏడెనిమిది క్రియలున్న పొడుగు వాక్యం ఇచ్చి ముక్కలు చేయించండి. ఊపిరి అందేదాకా చదవమంటే ఎక్కడ ఆపాలో వాళ్లకే తెలుస్తుంది.

తక్కువ సమయం ఉన్న రోజు బొమ్మ కింద వ్యాఖ్య రాయించండి. చందమామ చదివిన తరం వాళ్లకు ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు ఇచ్చేవారు, రెండింటికీ పొత్తు కుదిరేలా చిన్న వ్యాఖ్యలు పోస్టుకార్డు మీద రాసి పంపాలి. పాత పేపర్ల నుంచి రెండేసి ఫోటోలు కత్తిరించి గోడకు అంటిస్తే చాలు. నాలుగు మాటల్లో చెప్పడం ఎంత కష్టమో, ఎంత సరదానో తెలుస్తుంది.

పోస్టుకార్డు అంటే మరొకటి గుర్తొచ్చింది. ఇప్పటికీ కార్డు చౌకే. పాఠంలో 'లేఖ రాయండి' అని వచ్చినప్పుడు మిత్రునికి ఊహాలేఖ రాయించకండి. నిజమైన మనిషికి రాయించి, నిజంగా డబ్బాలో వేయించండి. వలస పోయిన అమ్మానాన్నలకు, హాస్టల్లో ఉన్న అక్కకు, వీధిదీపం గురించి పంచాయతీకి, బస్సు వేళ గురించి డిపో మేనేజరుకు. జవాబు వస్తే తరగతి గోడ మీద పెట్టండి. రాకపోతే ఇంకోసారి, ఇంకా స్పష్టంగా రాయించండి.

నోటుబుక్కులు దిద్దడం గురించి అడిగారు. దీని గురించి నాకు ఒక బాధ ఉంది. ఒకసారి ఏడో తరగతి అమ్మాయి వాళ్ల నాయనమ్మ చనిపోయిన రోజు గురించి రాసింది. నేను ఎర్ర పెన్నుతో పందొమ్మిది చోట్ల గీతలు పెట్టి, కింద 'అక్షరదోషాలు సరిచూసుకో' అని రాసి ఇచ్చాను. 'చనిపొయింది' అన్నచోట దీర్ఘం కూడా పెట్టాను. నాయనమ్మ గురించి ఒక్క మాట రాయలేదు. ఆ పాప మళ్లీ ఎప్పుడూ తన ఇంటి సంగతి రాయలేదు. రాయమని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

అందుకే చెబుతున్నాను, మొదట రాసిన సంగతికి జవాబివ్వండి. ఒక్క వాక్యం చాలు: 'మీ నాయనమ్మ పెట్టిన చెట్టు ఇప్పుడు కాయలు కాస్తోందా?' తప్పుల పని తర్వాత. అది కూడా వారానికి ఒక రకమే. ఈ వారం దీర్ఘాలు, వచ్చేవారం ఒత్తులు, ఆపైన ల-ళ, న-ణ. తప్పు మీద గీత పెట్టకుండా ఆ వరుస చివర ఒక చుక్క పెట్టండి. ఆ వరుసలో తప్పెక్కడుందో పిల్లే వెతుక్కోవాలి. దొరికిన మాటను నోటుబుక్కు చివరి పేజీలో సరిచేసి రాసుకోవాలి. మీ దాకా రాకముందే పక్కన కూర్చున్నవాళ్లకు గొంతెత్తి చదివి వినిపించే అలవాటు పెడితే సగం తప్పులు అక్కడే తేలిపోతాయి. రోజుకు ఎనిమిది పుస్తకాలు చూస్తే ఆరు రోజుల్లో మీ తరగతి పూర్తవుతుంది. అన్నీ ఒకే రాత్రి ముందేసుకుని కూర్చోవద్దు. విసుగులో పెట్టే గీతలు పిల్లలకు తెలిసిపోతాయి.

ఇప్పుడు అడగగానే వ్యాసం రాసిచ్చే ఫోన్లు వచ్చాయి, గైడు అవసరం కూడా లేదు. దానికి నిఘా పెట్టి లాభం లేదు. చిత్తుప్రతి తరగతిలోనే, చేత్తో రాయించండి. సంతలో కుక్కలు ఎక్కడ కూర్చున్నాయో ఏ ఫోనూ చెప్పలేదు.

పుస్తకాల సంగతికి వస్తే, మొదట మీ బడి బీరువా తాళం తీయండి. చాలా బళ్లలో మంచి పుస్తకాలే ఉంటాయి, పోతాయన్న భయంతో లోపల పెడతారు. చిరిగినా పరవాలేదు, పిల్లల చేతికివ్వండి. మంచి పుస్తకం సంస్థ తెలుగులో వేసే పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. స్మార్ట్ టీవీ ఉంటే తెర మీద బొమ్మ చూపించి, కథ దాచి, పిల్లలతో కథ రాయించండి. తర్వాత అసలు కథ చదవండి. రెండింటికీ తేడా మాట్లాడుకోవడమే మంచి పాఠం. అనంతపురం ప్రాంతం నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పిల్లల పత్రికలో బడిపిల్లలు రాసిన కథలు ఉంటాయి, అవి తప్పకుండా చదివి వినిపించండి. తమ ఈడువాళ్లు రాశారని తెలిస్తే పిల్లల కళ్లలో వచ్చే వెలుగు వేరు. గోడపత్రిక ఎలాగూ మీరు పెడతారు. ఒక్క మాట: ముత్యాల్లాంటి అక్షరాలున్న నలుగురివే పెట్టకండి. నెలలో ప్రతి పిల్లదీ ఒక్కసారైనా గోడ ఎక్కాలి.

సిలబస్ టెన్షన్ నాకు తెలుసు. కానీ పాఠ్యపుస్తకంలో 'వ్యక్తీకరణ-సృజనాత్మకత' కింద అడిగేవి ఏమిటో చూడండి: లేఖ, సంభాషణ, కరపత్రం, ఇంటర్వ్యూ ప్రశ్నలు. పరీక్షలో వచ్చేవీ అవే. తైబజారు అవ్వను పిల్లలు అడిగినవి ఇంటర్వ్యూ ప్రశ్నలే కదా. పుస్తక సమీక్షకు కూడా గైడులోది కాపీ చేసేకంటే, 'ఈ కథలో నువ్వుంటే ఎక్కడ ఏం చేసేదానివి?' అని ఒక్క ప్రశ్నకు జవాబు రాయిస్తే సమీక్షే అవుతుంది. హెచ్ఎం గారు అడిగితే ఇది చూపించండి. ఒప్పుకుంటారు. వారానికి ఒక్క పీరియడ్ మాత్రం దీనికే కేటాయించి, దాన్ని ఎవరికీ వదులుకోకండి.

చివరిగా భాష గురించి. కాళోజీ గారు బడిపలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అన్నారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా మన బడుల్లో జరుపుకుంటాం. ఆ రోజు పాట పాడించి, మరునాడు 'కూసుంటయ్' అన్న మాట కింద ఎర్రగీత పెడితే పిల్లలు దేన్ని నమ్మాలి? మొదటి ప్రతి ఇంటి భాషలోనే రానివ్వండి. ఎవరికి రాస్తున్నామో చూసుకుని రెండో ప్రతిలో మార్పించండి. డిపో మేనేజరుకు రాసే ఉత్తరంలో 'బస్సు ఆపుతలేరు' అనేది 'బస్సు ఆపడం లేదు' అవుతుంది. అవ్వ మాట్లాడిన మాట కథలో మాత్రం అవ్వ మాటగానే ఉంటుంది. రెండూ రాయగలిగిన పిల్లకు నష్టం లేదు, రెండు చేతులు ఉన్నట్టు.

ఇంగ్లీషు మాటలకూ అంతే. మోటరు, స్టార్టర్, ఫ్యూజు, సెల్లు, చార్జింగ్ అని ఇంట్లో అందరూ అనే మాటలను తెలుగు లిపిలో రాస్తే అవి తెలుగులో చెల్లుబాటయ్యే మాటలే, ముట్టుకోకండి. తెలుగులో మాట తెలిసి కూడా 'హ్యాపీగా ఫీల్ అయ్యాను' అని రాస్తే మాత్రం పక్కన ఒక ప్రశ్న వేయండి: 'అప్పుడు ఏం చేశావు?' 'ఇంటిదాకా ఉరికిన' అని రాస్తాడు. ఆ మాట చాలు.